ప్రధానోపాధ్యాయ పీఠము

బడిపంతులుకు పైమెట్టు ఒక్కటే: ప్రధానోపాధ్యాయుని పీఠము. ఇరువది యేండ్లు సుద్దముక్క పట్టినవానికి అది న్యాయముగా దక్కునా లేదా అనునది అతని యొక్కని చింత కాదు. ఆ బడిపిల్లలందరి భాగ్యమును దానినే ఆశ్రయించియున్నది. రాజధానిలోని మన వకీళ్లును, వైద్యులును, ఉద్యోగులును ఈ విషయమును బొంబాయి తెలుగువారి స్థితినిబట్టి ఒకమారు పరికింపవలెనని మా మనవి.

కామాఠీపురకు ఆ పేరు మనవారి వలననే వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దాంతము నుండి నైజాము సీమ విడిచి కట్టడపు పనులకు వలసపోయిన తెలుగు కూలీలనే అచట కామాఠీలనిరి. జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయి తెలుగు కంట్రాక్టర్లు కొందరు బాసటగా నిలిచిరి. ఆ ఫూలేయే 1882లో హంటర్ విద్యాసంఘము నెదుట, బడిపంతులుకు నెలకు 12 రూపాయలకు తక్కువ జీతము తగదని వాదించెను. రాళ్లు మోసినవారి బిడ్డలకు చదువు రావలెనన్న, చెప్పువాడు గౌరవముగా బ్రతుకవలెను గదా!

మహారాష్ట్రమున ప్రైవేటు ఉన్నత పాఠశాలలకు 1981 నాటి నిబంధనలు గలవు. పట్టమును, బి.ఎడ్.యును, అయిదేండ్ల బోధనానుభవమును, అందు రెండేండ్లు బి.ఎడ్. పిదపటివియు నుండవలెను. అట్టి అర్హులలో జ్యేష్ఠునికి, పనితీరు తృప్తికరమైనచో, పీఠము దక్కును. అయితే 1977 నాటి మూలచట్టమే మైనారిటీ బడుల ప్రధానోపాధ్యాయ నియామకమును ఈ కట్టుబాటు నుండి తప్పించినది. భాషా మైనారిటీని రాష్ట్రమునుబట్టి నిర్ణయింపవలెనని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసునందు సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. కావున అచట తెలుగువారు మైనారిటీయే. అర్హతలున్నవారిలో తనకు నచ్చిన ప్రిన్సిపాలును ఎన్నుకొను హక్కు మైనారిటీ సంస్థకు గలదని అదే కోర్టు 2006లో మలంకర సిరియన్ కాథలిక్ కళాశాల కేసునందు స్పష్టము చేసెను.

ఈ హక్కు రెండంచుల కత్తి. మంచి కమిటీ దీనితో ధారావి మొదలు కామాఠీపుర వరకు చాల్‌లు తిరిగి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి, పిల్లలను బడికి తేగల పంతులును ఎన్నుకొనును. చెడ్డ కమిటీ బావమరదిని కూర్చుండబెట్టును. అప్పుడు జ్యేష్ఠుడైన పంతులు ఫిర్యాదు చేయబోయిన, చట్టపు దన్ను స్వల్పమే.

చిన్న బడుల బాధ వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము 150 మందికి మించి పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకే ప్రధానోపాధ్యాయుడు. ఆరు మొదలు ఎనిమిది తరగతులకైనచో 100 మందికి మించవలెను. సంఖ్య తగ్గినచోట పెద్ద పంతులే హాజరుపట్టీలును, మధ్యాహ్న భోజనపు లెక్కలును చూచుకొనుచు పాఠములును చెప్పవలెను; బరువు గలదు, పదవి లేదు. ఇంగ్లీషు బడుల మోజున తెలుగు బడికి పిల్లలు తగ్గిరి. పిల్లలు తగ్గినందున పెద్ద లేడు. పెద్ద లేనందున పిల్లలింకను తగ్గుదురు.

పెద్ద యుండిన నేమగునో తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు, బాలికలకును, అంటరానివారని సంఘము వెలివేసిన బిడ్డలకును తలుపులు తెరచిరి. నియమావళి తానుగా తలుపు తెరవదు, తెరచునది మనుష్యుడు.

కావున మా సూచనలు మూడు. తెలుగు బడుల కమిటీలు, ఖాళీ యేర్పడక మునుపే, ఎన్నికకు కొలబద్దను ప్రకటింపవలెను. జ్యేష్ఠుని త్రోసిపుచ్చినచో కారణమును వ్రాతమూలమున అతనికి తెలుపవలెను. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యము కల్పింపుమని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము ప్రభుత్వములను ఆదేశించుచున్నది గనుక, భాషా మైనారిటీ బడికి సంఖ్యతో నిమిత్తము లేకుండ ప్రధానోపాధ్యాయుని నియమింపవలెను. మొదటి రెండింటికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు. మనవారి మనస్సాక్షి చాలును. మూడవదానికి అర్జీ వ్రాయగల వకీళ్లు రాజధానిలో కొరవడలేదని మా నమ్మకము.