తాగుడు మాన్పించేది ఎట్లా?



మామూలుగా నా నోట మీరు వినేది వేరుశెనగ విత్తనశుద్ధో, మామిడి పూతమీద తేనెమంచు పురుగో గదా. ఈ పూట ఆ రెండూ కావు. తాగుడును గురించి చెప్పదలచినాను. వ్యవసాయం వాడికి దీనితో ఏమి పని అని మీరు అడగవచ్చు. నిజమే, నేను చదివినది వ్యవసాయంలో డిప్లొమా, వైద్యం కాదు. అయినా ఎరువుకు అప్పు తెచ్చేదీ, తోతాపురి కాయ తోలినాక వచ్చిన రొక్కం ఇల్లు చేర్చవలసినదీ మనిషే. ఆ మనిషే పడిపోతే నేను చెప్పే విత్తనశుద్ధి ఎవరు చేసేటట్టు?

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. కొన్నేండ్ల కిందట నేను తిరిగే ఊళ్ళలో ఒక చెరకు రైతు ఉండేవాడు. నలభై ఏండ్ల మనిషి. గానుగ ఆడించి బెల్లం వండటంలో అతని చేతికి ఎదురులేదు. తెల్లవారి లేస్తూనే ఒక క్వార్టరు పడితే తప్ప చేతి వణుకు ఆగదు. అతని ఇంటామె ఒకనాడు నన్ను ఆపి, "సార్, ఎవురు జెప్పినా ఇనడు. మీరంటే మర్యాద ఉండాది. మీరన్నా ఒక మాట జెప్పండి" అన్నది. నేను పెద్దమనిషి తరహాగా అతన్ని పిలిచి, "ఏమన్నా, పిల్లల మీద ఒట్టు పెట్టుకో. రేపటినుంచి చుక్క ముట్టొద్దు" అన్నాను. పాపం, నా మాట విన్నాడు. గంగమ్మ గుడి ముందర కర్పూరం ఆర్పి ఒట్టు పెట్టుకున్నాడు.

మరునాటి సాయంత్రానికి ఒళ్ళంతా చెమట, వణుకు. రెండోనాటి రాత్రి ఫిట్సు వచ్చినాయి. మూడోనాడు గోడమీద చీమలు పాకుతున్నవని చేత్తో దులపటం, చచ్చిపోయిన తండ్రిని పేరుపెట్టి పిలిచి ఎద్దుల్ని విప్పమనటం! గాలి సోకిందన్నారు ఇంటివాళ్ళు. వేపమండలు తెచ్చినారు, మంత్రం వేసేవాణ్ణి పిలిచినారు, చివరకు పశువుల కొట్టంలో గుంజకు కట్టినారు. నాకు కబురు తెలిసి 108 పిలిపించి తిరుపతికి చేర్చేసరికి నాలుగో రోజు. ప్రాణం దక్కింది. అక్కడి డాక్టరుగారు, "ఈయన్ను ఒక్కసారిగా మానమని చెప్పిన మహానుభావుడెవరు?" అని అడిగినారు. ఎదురుగా నిలబడి ఉన్నది నేనే. నోరు పెగల్లేదు. ఆనాటినుండి ఈ సంగతి అడిగి తెలుసుకుంటూ వచ్చినాను. తెలుసుకున్నది నా మాటల్లో చెబుతాను.

కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి మొరాయించి వెనక్కి గుంజుతున్నదనుకోండి. రెండోది అలవాటుపడి, రెట్టింపు బలంతో ముందుకు లాగుతుంది. సాలు తిన్నగానే పోతుంది. ఆ మొరాయించే ఎద్దును ఉన్నట్టుండి విప్పేస్తే ఏమవుతుంది? రెండోది మడకనూ మనిషినీ ఈడ్చుకొని పోతుంది. తాగుడు మెదడును జోకొట్టే వస్తువు. ఏండ్ల తరబడి రోజూ తాగేవాడి మెదడు, ఆ జోకొట్టుడుకు పోటీగా తన వేగం పెంచుకొని ఉంటుంది. సారాయి ఒక్కసారిగా ఆగితే ఆ వేగానికి పగ్గం ఉండదు. చివరి చుక్క పడిన ఆరు గంటలనుండి వణుకు, చెమట, గుండెదడ, నిద్ర పట్టకపోవటం మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్సు రావచ్చును. రెండోనాటినుండి నాలుగోనాటి దాకా అసలైన గండం. లేనివి కనబడటం, వినబడటం, తాను ఎక్కడున్నదీ తెలియకపోవటం, జ్వరం. ఇది దయ్యమూ కాదు, గాలీ కాదు. దీనికి మందు ఉన్నది. మందు పడకపోతే ప్రాణం పోవచ్చును.

తాగేవారందరికీ ఇట్లా అవుతుందని కాదు సుమా. జాతరకో పెండ్లికో తాగి ఊరుకునేవాడి సంగతి వేరు. పొద్దున చేతి వణుకు ఆపుకోవటానికి తాగేవాడు, ఇదివరకు ఒకసారి మానబోయి ఫిట్సు తెచ్చుకున్నవాడు, అన్నం మాని తాగుడుమీదనే ఉండేవాడు, వయసు మళ్ళినవాడు, వీరిని ఇంట్లో పెట్టి మాన్పించకూడదు.

మన దేశం ఈ పాఠం 2020లో పెద్దయెత్తున చూసింది. మార్చి నెలలో కరోనా లాక్‌డౌన్ వచ్చి మద్యం అంగళ్ళూ కల్లు దుకాణాలూ ఒక్కసారిగా మూతపడినాయి. ఆ వారంలోనే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతో, పిచ్చిచూపులతో వందలమందిని తీసుకొచ్చినారు. వారిలో కల్లు అలవాటున్నవారు చాలామంది. కల్లులో మత్తుకోసం నిద్రమాత్రల మందు కలిపే పాడుపని అక్కడక్కడ ఉన్నది. ఆ కల్లు మానినా ఇదే గండం. అదే ఏడు జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో సారాయి దొరకక చేతులకు పూసుకునే శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయినారు. శానిటైజరు తాగితే చస్తామని వాళ్ళకు తెలియదా? తెలిసే ఉంటుంది. తెలిసినా ఆగలేకపోవటమే ఈ జబ్బు.

ఇక చికిత్స. దీనికి రెండు అంచెలు. మొదటిది ఒంట్లోనుండి మత్తును క్షేమంగా దించటం. ఆసుపత్రిలో ఉంచి, డయాజిపామ్ వంటి మాత్ర మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ వారం పది దినాల్లో ఆపేస్తారు. ఆ మొరాయించే ఎద్దును ఒక్కసారి విప్పకుండా, పలుపు కొంచెం కొంచెం వదలటం అన్నమాట. దాంతోపాటు థయమిన్ అనే బి1 విటమిను సూదిమందు వేస్తారు. ఇది బియ్యపు తవుడులో ఉండేదే. పాలిషు పట్టిన బియ్యం తినేవారికి బెరిబెరి వస్తుందని మీరు విన్నారు గదా, ఆ విటమినే. తాగేవాడు సరిగా తినడు, తిన్నదాంట్లోనిదీ ఒంటికి పట్టదు. ఇది బొత్తిగా తగ్గితే నడక తూలుతుంది, చూపు చెదురుతుంది, జ్ఞాపకం శాశ్వతంగా పోవచ్చును. ఇక్కడ ఒక హెచ్చరిక. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో గ్లూకోజు సీసా ఎక్కించమంటారు మనవాళ్ళు. రోజూ తాగేవాడికి థయమిన్ వేయకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న ఆ కాస్త విటమినూ ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చును. సూది వేసేవారికి అతను తాగే మనిషని సిగ్గుపడకుండా చెప్పవలెను.

ఈ మొదటి అంచెతో అయిపోయిందనుకొని చాలామంది ఇంటికి వచ్చేస్తారు. అయిపోలేదు. మీరు చూసే ఉంటారు, అయ్యప్ప మాల వేసుకొని నలభైయొక్క దినాలు చుక్క ముట్టనివాడు, మాల తీసిన వారంలో మళ్ళీ అంగడి దగ్గర తేలుతాడు. "అన్ని దినాలు ఉండగలిగినోడు ఇప్పుడెందుకు ఉండలేడు? ఒళ్ళు కొవ్వు!" అంటాం. కొవ్వు కాదు. తుంగను చూడండి. పైన ఆకు పీకితే చేను శుభ్రంగానే కనబడుతుంది. కింద గడ్డ ఉన్నది. ఒక పదును పడితే మళ్ళీ లేస్తుంది. ఏండ్ల తరబడి తాగిన మెదడులో ఆ కోరిక గడ్డకట్టి ఉంటుంది. దానికి పదునయ్యేవి ఏవి? సంత రోజు, చేతిలో పంట డబ్బు, పాత స్నేహితుడి కేక, ఇంట్లో గొడవ. మా చెరకు రైతు చెప్పినాడు, బెల్లం పాకం వాసన తగిలితే చాలు, నాలుక పీకేదట. గానుగ దగ్గరే ఎప్పుడూ తాగేవాడు గనుక. మాల ఉన్నన్నాళ్ళు వేషం వేరు, తిండి వేరు, తోడు వేరు, ఊరంతా స్వామీ అని పిలుస్తుంది. మాల తీసేస్తే అవన్నీ ఒక్కసారిగా పోతాయి. దీక్ష వృథా అని నేననటం లేదు. అది ఇచ్చిన ఆ తోడును తరువాత కూడా ఉంచటమే రెండో అంచె. ఇది నెలలు, ఒక్కొక్కరికి ఏండ్లు పడుతుంది.

ఈ అంచెలో కోరిక తగ్గించటానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మాత్రలు ఉన్నాయి. వీటికి తోడు డైసల్ఫిరామ్ అనే పాత మందు ఉన్నది. దీని కథ మనకు బాగా తెలిసిన వస్తువుతో ముడిపడి ఉన్నది. వేరుశెనగ విత్తనానికి పట్టించే థైరమ్ ఎరుగుదురు గదా. డైసల్ఫిరామ్ దానికి దాయాది. ఇవి రబ్బరు పరిశ్రమలోనూ వాడే రసాయనాలు. వాటి దుమ్ము తగిలిన పనివాళ్ళు సాయంత్రం తాగితే ఒళ్ళు ఎర్రబడి అవస్థపడుతున్నారని 1937లో అమెరికాలో ఒక డాక్టరు గమనించినాడు. తరువాత డెన్మార్కులో ఇద్దరు పరిశోధకులు దీనిని కడుపులో పురుగులకు మందుగా పరీక్షిస్తూ, తామే మాత్ర మింగి, విందులో తాగి, అదే అవస్థ పడినారు. 1948లో దీన్ని తాగుడు మాన్పించే మందుగా లోకానికి తెలిపినారు. ఈ మాత్ర వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపుపోటు పడిపోతుంది. ఆ భయంతో చేయి వెనక్కి పోతుంది.

కాబట్టే ఇది గుండె, కాలేయం చూసి డాక్టరు ఇవ్వవలసినది, రోగి తెలిసి, ఒప్పుకొని వేసుకోవలసినది. "ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, మానిపోతాడు" అని పొడులు అమ్మేవాళ్ళు ఉన్నారు. అమ్మా, ఆ పని చేయవద్దు. తెలియకుండా తిని తాగినవాడు ప్రాణాలమీదికి తెచ్చుకోగలడు. ఈ మందు ఆపినా దాని పట్టు రెండు వారాల దాకా ఉంటుంది. థైరమ్ సంగతి చెప్పినానని అది మందనుకునేరు, అది విషం. విత్తనశుద్ధి చేసేనాడు చేతికి తొడుగు వేసుకోండి, ఆనాడు తాగుడు జోలికి పోవద్దు.

మందులకు తోడు మాట కావలెను. కోరిక ఎప్పుడు లేస్తుందో ముందే గుర్తించి తప్పుకోవటం నేర్పే సలహాదారులు ఉంటారు. మానినవాళ్ళే ఒకచోట కూడి ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘాలూ ఉన్నాయి. వీటిని 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు, ఒకడు షేర్ల వ్యాపారి, ఒకడు డాక్టరు, మొదలుపెట్టినారు. మన దేశంలోనూ నడుస్తున్నాయి, ఖర్చు లేదు.

గంజాయి మానితే పై చెప్పిన ఫిట్సు రావు గాని నిద్ర పట్టక, చికాకుతో కొన్ని వారాలు వేధిస్తుంది. అది వేరే ప్రసంగం అవుతుంది.

అంగళ్ళు మూయిస్తే చాలదా అని అడిగేవారున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్నవాళ్ళే, లేచి సారాయి అంగడి మూయించినారు. ఆ ఉద్యమం పక్క జిల్లాలకు పాకి, 1993 అక్టోబరులో సారాయి నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో నిషేధం సడలిపోయింది. ఆ తల్లులు చేసినది గొప్ప పని, ఎన్నో కాపురాలు నిలబెట్టింది. అయితే అంగడి మూతపడటం ఒకటి, ఒళ్ళు కుదుటపడటం ఒకటి. తాగుడుకు బానిసైనవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పినవారు, నా ఉద్దేశంలో, అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. తాగుడుకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్సో సహాయమో అందిందని అందులో తేలింది. మిగతా 37 మందికి అందినవి తిట్లే అయి ఉండవలె.

నా తోటి ఉద్యోగులకు ఒక మాట. రచ్చబండ దగ్గర నలుగురిలో తాగుబోతును హితబోధ చేయవద్దు. పొలంలో ఒంటరిగా దొరికినప్పుడు, "పొద్దున తాగకపోతే ఒంటికి ఎట్లా ఉంటుందన్నా?" అని అడగండి. వణుకుతుందంటే ఒట్టు పెట్టించవద్దు, ఆసుపత్రికి తోడు పోండి. పంట డబ్బు చేతికి రాకముందే పోండి. ఆ ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే వేరే చోట తాళం వేయించండి. మానే దినాల్లో మనసు బాగా కుంగుతుంది. కొట్టి, కట్టేసి మాన్పిస్తామనే చోట్లకు పంపవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తాగుడువల్ల వచ్చిన మానసిక అవస్థ కూడా జబ్బే, రోగిని గొలుసులతో కట్టటం నేరం.

మా చెరకు రైతు సంగతి అడుగుతారేమో. మొదటి ఏడు రెండుసార్లు తప్పినాడు. ఒకసారి సంక్రాంతికి, ఒకసారి బెల్లం అమ్మిన రోజు. రెండోసారి ఇంటామె తిట్టలేదు. చీరకొంగులో డబ్బు ముడివేసుకొని నేరుగా బస్సెక్కించి తీసుకుపోయింది. చక్కెరజబ్బువాడికి మళ్ళీ చక్కెర పెరిగితే వైద్యం మానేస్తామా, ఇదీ అంతేనని డాక్టరుగారు ఆమెకు నచ్చజెప్పి ఉండినారు. ఇప్పుడు గానుగ అన్నదమ్ములకు అప్పజెప్పి, తాను టమోటా పెట్టుకున్నాడు. మొన్న రైతు సేవా కేంద్రంలో థైరమ్ పొట్లం చూసి, "సార్, ఇది మా దాయాది గదా" అని నవ్వినాడు.

కాగితం, కలం ఉంటే రాసుకోండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. చిత్తూరు వైపువారికి వేలూరు సి.ఎం.సి. వారి మానసిక వైద్యశాల దగ్గర. చెన్నైలో శాంతి రంగనాథన్ గారు 1980లో స్థాపించిన సంస్థవారి టి.టి.కె. ఆసుపత్రి దీనికోసమే ఉన్నది. ఆమె భర్తను తాగుడుకు పోగొట్టుకున్న ఇల్లాలు. ఊరు కదలకుండా ముందు అడిగి తెలుసుకోవాలంటే ఫోను నంబర్లు రెండు, డబ్బు పడదు. మత్తు మాన్పించే సలహాకు 14446. మనసు కుంగి ఉంటే, రాత్రయినా పగలైనా, 14416. మళ్ళీ చెబుతున్నాను: 14446, 14416. పోయేటప్పుడు ఆధార్ కార్డూ, పాత మందుల చీటీలూ, రోజుకు ఎంత తాగుతాడో దాచకుండా చెప్పగల మనిషినొకరినీ వెంట తీసుకుపోండి.