మర్మములు, చీనా సూచీవేధ స్థానములు : ఒక పరిశీలన

సుశ్రుతుడు చెప్పిన మర్మములే చీనా దేశమున సూచీవేధ స్థానములైనవనియు, పేర్లు మాత్రమే భిన్నములనియు చెప్పువారు కలరు. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఈ మాటకు ఆధారమున్నట్లే తోచును. కాని ఆ స్థానములందు ఏమి చేయవలెనని ఆ గ్రంథములు విధించినవో పరిశీలించినచో విషయము తలక్రిందులగును.

మొదట శబ్దార్థములు. చీనా భాషలో ఈ స్థానమునకు ‘షుయె’ అని పేరు. రంధ్రము, గుహ అని దాని అర్థము. దేహమందలి నాళమార్గములలో ‘చీ’ అను ప్రాణశక్తి ప్రవహించుచుండుననియు, దానిని వెలుపలి నుండి చక్కదిద్దుటకు ఇవి ద్వారములనియు వారి సిద్ధాంతము. మర్మ శబ్దమును మనవారు మృ ధాతువు నుండి సాధించిరి. గాయపడినచో ప్రాణము తీయునది మర్మము.

సంఖ్యలును భిన్నములే. క్రీస్తు పూర్వపు చివరి శతాబ్దులలో రూపొందినదని భావింపబడు ‘హువాంగ్ ది నైజింగ్’ సంవత్సర దినములకు సరిపోవునట్లు 365 స్థానములున్నవని చెప్పినది గాని అన్నింటికిని పేర్లీయలేదు. 3వ శతాబ్దివాడైన హువాంగ్‌ఫు మీ 349 స్థానములను క్రోడీకరించెను. 1027లో వాంగ్ వెయ్‌యీ పర్యవేక్షణమున రెండు కంచు విగ్రహములు పోతపోయబడినవి. వాటికి మైనము పూసి లోపల నీరు నింపి విద్యార్థిని పరీక్షించెడివారనియు, సూది సరియైన చోట దిగినచో నీరు చిమ్మెడిదనియు చెప్పుదురు. నేడు అంగీకరింపబడిన సంఖ్య 361. సుశ్రుతుడు శారీరస్థానము 6వ అధ్యాయమున చెప్పిన మర్మములు 107. గాయఫలమును బట్టి వానిలో సద్యఃప్రాణహరములు 19, కాలాంతర ప్రాణహరములు 33, విశల్యఘ్నములు 3, వైకల్యకరములు 44, రుజాకరములు 8. ఈ విభాగమంతయు గాయమును బట్టి జరిగినదే గాని చికిత్సను బట్టి కాదు.

సామ్యము మిక్కిలి స్పష్టముగా కనబడునది బొటనవ్రేలికి చూపుడు వ్రేలికి నడిమి చోటున. చీనావారు అచట ‘హెగు’ స్థానమును చెప్పిరి. కలియు లోయ అని ఆ పేరునకు అర్థము. దంతశూలకు, ముఖవ్యాధులకు, శిరోవేదనకు దానిని వాడుదురు. గర్భిణుల యందు నిషేధింతురు. కాలియందు దానికి జోడు ‘తైచోంగ్’. చేతులయందును కాళ్లయందును ఉన్న ఈ నాలుగింటికి కలిపి నాలుగు ద్వారములని పేరు. పిల్లలకు వచ్చు ఈడ్పులకు వీనిని ప్రశస్తములుగా చెప్పుదురు. సుశ్రుతుడు కాలి బొటనవ్రేలికి, దాని ప్రక్క వ్రేలికి నడుమ క్షిప్రమర్మమును చెప్పి, చేతియందును అట్లే గ్రహింపుమనెను. అచట గాయమైనచో ఆక్షేపకముచే, అనగా ఈడ్పులచే, మరణము సంభవించునట. చోటు దాదాపు ఒక్కటే, రోగము ఒక్కటే. ఒకరికి అది ఔషధము, మరియొకరికి కారణము!

తక్కినవియు ఇట్టివే. నడినెత్తిన ‘బైహుయ్’ తలతిరుగుటకు, గుదభ్రంశమునకు చెప్పబడినది. ఆ ప్రాంతముననే ఉన్న అధిపతి మర్మము సద్యఃప్రాణహరము. కనుబొమల నడుమ ‘యిన్‌తాంగ్’ నిద్రలేమికి, తలనొప్పికి వాడబడును. అచటి స్థపనీ మర్మము విశల్యఘ్నము. అందు దిగిన శల్యము ఉన్నంతవరకే మనుష్యుడు బ్రతుకును, పెరికినచో మరణించును. సూదిని గ్రుచ్చి కొంతసేపటికి తీసివేయు పద్ధతికి ఇంతకంటె విరుద్ధమైన వాక్యము దొరకదు.

మర్మములతో పొంతన వెదకనవసరము లేని స్థానములును ముఖ్యములే. ముంగాలిపై ‘జూసాన్‌లీ’ ఉదరవ్యాధులకును బలహీనతకును ప్రసిద్ధము. మాచిపత్రి జాతి ఆకుల నూలును అచట కాల్చి వేడి తగిలించుటయు కలదు. ముంజేతి లోపలి వైపున, మణికట్టు ముడుతకు రెండు ‘చున్’ల పైని రెండు స్నాయువుల నడుమ ‘నైగ్వాన్’ ఉన్నది. వాంతికి, గుండెదడకు అది ప్రధానము. శస్త్రచికిత్స తరువాతి వాంతులను తగ్గించుటలో దానికి ఆధునిక పరీక్షల సమర్థన కొంత లభించినది. తక్కిన ప్రయోజనములలో అధికభాగమును సంప్రదాయోక్తములుగనే గ్రహింపవలెను.

‘చున్’ అనునది రోగి బొటనవ్రేలి వెడల్పు. సుశ్రుతుని కొలతయు ఎవరి అంగుళము వారిదే. నిజమైన సామ్యములను ఇట్టి చోట్ల వెదకవలెను. పాదదాహము, పాదహర్షము మున్నగు వానియందు క్షిప్రమర్మమునకు రెండంగుళముల పైని వ్రీహిముఖముతో సిరను వేధింపుమని సుశ్రుతుడు సిరావ్యధ ప్రకరణమున విధించెను. మర్మము అచట వేధ్యస్థానము కాదు, దూరము కొలుచుటకు ఆనవాలు. వేధము వలన మేలు కలుగునని ఆయన ఎరుగును; ఆ మేలును మర్మమున కాక దానికి ఎడముగా వెదకెను.

కావున మర్మాధ్యాయముతో పోల్చదగినది చీనా చికిత్సాస్థానముల పట్టిక కాదు. ‘నైజింగ్’ తొలిభాగమైన ‘సువెన్’ యందు వేధనిషేధములకే ఒక అధ్యాయము, 52వది, కలదు. సూది మెదడున దిగినచో తత్క్షణమే మరణమనియు, గుండెను తాకినచో ఒక దినమున మరణమనియు అందు చెప్పబడినది. ఇది సద్యఃప్రాణహర లక్షణమునకు మిక్కిలి దగ్గర. రొమ్ము పల్లమున గ్రుచ్చిన సూది ఊపిరితిత్తిని తాకినచో రోగి తల వెనుకకు వాల్చి ఎగశ్వాస విడుచునని కూడ అచటనే ఉన్నది. రొమ్మునకు ఇరువైపుల వాతవహ నాడులుగా చెప్పబడిన అపస్తంభ మర్మములు గాయపడినచో కోష్ఠము వాయువుతో నిండి కాసశ్వాసములచే మరణము కలుగునని సుశ్రుతుడనెను. ఇరువురును చూచినది ఒకే ఆపద. ఆధునిక కాలమునను భుజముపైని ‘జియెన్‌జింగ్’ స్థానమున సూది లోతుగా దిగి, ఊపిరితిత్తి చుట్టును గాలి చేరిన ఉదంతములు వైద్యపత్రికలందు నమోదైనవి.