బోర్లా పడ్డ కార్డు

నలుగురు ఆడుతున్న బల్ల మీద ఒకరు మూడు మనా (ల్యాండ్ కార్డులు ఇచ్చే శక్తి) చెల్లించి ఒక కార్డును బోర్లా పెడతారు. ఆ క్షణం నుంచి దానికి పేరు లేదు, రంగు లేదు. రెండు దెబ్బలు కొట్టి, రెండు దెబ్బలకు పడిపోయే అనామక క్రీచర్. అసలు అదేమిటో వేసినవారికే తెలుసు. మిగతా ముగ్గురూ ఊహించుకోవాల్సిందే. కార్డు మీద రాసివున్న మనా చెల్లిస్తే, వేసినవారు దాన్ని తిప్పి అసలు రూపం బయటపెట్టవచ్చు. ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ ఆటలో 2002లో ‘ఆన్‌స్లాట్’ సెట్‌తో వచ్చిన ఈ పద్ధతి పేరు మార్ఫ్. డెక్ మొత్తాన్ని దీని చుట్టూ కట్టుకోవచ్చు. ఓడినవాళ్లు కూడా నవ్వుతూ లేచే డెక్‌లలో నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టం.

రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట 1993లో మొదలైంది. స్నేహితులు గుంపుగా కూర్చుంటే ఆడేది కమాండర్ పద్ధతి. మామూలుగా నలుగురు, ఒక్కొక్కరికి 40 లైఫ్, 100 కార్డుల డెక్. బేసిక్ ల్యాండ్‌లు తప్ప ఏ కార్డూ రెండోది ఉండకూడదు. కమాండర్‌గా ఎంచుకున్న కార్డు రంగులు దాటి వేరే రంగు కార్డు పెట్టకూడదు.

మన ఆటకు తగిన కమాండర్ 2019లో వచ్చిన కడీనా. నలుపు, ఆకుపచ్చ, నీలం ఆమె రంగులు. ప్రతి టర్న్‌లో బోర్లా వేసే మొదటి క్రీచర్‌కు మూడు మనా తగ్గిస్తుంది, అంటే అది ఉచితం. పైగా బోర్లా క్రీచర్ దిగినప్పుడల్లా మనకు ఒక కార్డు.

అసలు కిటుకు ఎంపికలో ఉంది. బోర్లా వేసేవన్నీ ‘హుడెడ్ హైడ్రా’ లాంటి భయంకరాలే అయితే, కనబడ్డ ప్రతిదాన్నీ చంపేస్తారు. అందుకే వాటి మధ్య సాదావి కలపాలి. ‘విల్‌బెండర్’ రెండు మనాతో తిరుగుతుంది, అందులో ఒకటి నీలం. ఎదుటివారి స్పెల్ (మంత్రం) గురిని మరోవైపు మళ్లిస్తుంది. ‘స్ట్రేటస్ డాన్సర్’ కూడా సరిగ్గా అంతకే తిరిగి, స్పెల్ ఇన్‌స్టంట్ లేదా సోర్సరీ అయితే దాన్నే రద్దు చేస్తుంది. ఈ సంగతి తెలిసిన బల్ల దగ్గర రెండు ల్యాండ్‌లు వాడకుండా ఆపి కూర్చుంటే చాలు, అందరి చేతులూ తడబడతాయి. ఆ రెండు కార్డులూ డెక్ అడుగున ఉన్నా సరే.

ఇంకా చిలిపి పని ‘స్క్రోల్ ఆఫ్ ఫేట్’ చేస్తుంది. చేతిలోని ఏ కార్డునైనా బోర్లా దింపేస్తుంది. ఉత్త అడవి ల్యాండ్ కార్డు సైనికుడి వేషంలో నిలబడుతుంది! దాని మీద ఎవరో విలువైన స్పెల్ ఖర్చు పెడితే అదే మన లాభం. ‘ఇక్సిడ్రాన్’ దిగిందంటే, టోకెన్‌లు తప్ప బల్ల మీది మిగతా క్రీచర్‌లన్నీ బోర్లా పడతాయి, కడీనాతో సహా. ఎదుటివాళ్లవి చాలావరకు అలాగే ఉండిపోతాయి. మన మార్ఫ్‌లు మాత్రం మళ్లీ తిరిగి, తమ పని మళ్లీ చేస్తాయి.

ఈ మోసానికి హద్దులు గట్టివి. కనబడని కార్డు గురించి నోటికి వచ్చింది చెప్పుకోవచ్చు. బల్ల మీద కనిపించే దాని గురించి అబద్ధం ఆడకూడదు. ఏ కార్డు ఎప్పుడు, ఎలా దిగిందో తెలిసేలా విడివిడిగా ఉంచాలి. బోర్లా కార్డు బల్ల వదిలినా, ఆట ముగిసినా చూపించి తీరాలి. కనుక ఎవరికీ అనుమానం మిగలదు. ఈ నియమాలు లేకపోతే నేను ఈ డెక్ ఎవరికీ చెప్పేవాణ్నే కాదు.

ముగ్గురు ప్రత్యర్థులుంటే అబద్ధం ఒక్కటే చాలదు, పొత్తు కూడా కావాలి. ఎడమవైపు వ్యక్తి కుడివైపు వ్యక్తి కమాండర్‌ను చంపబోతే, విల్‌బెండర్‌ను తిప్పి ఆ స్పెల్‌ను చంపబోయినవాడి క్రీచర్ మీదకే మళ్లించండి. కుడివైపు వ్యక్తి కనీసం రెండు టర్న్‌లు మీ జోలికి రాడు. ఆ వ్యవధిలో ఇంకో రెండు బోర్లా దించండి.