శుక్లం పండేదాకా ఆగవచ్చునా?

“శుక్లం పండనివ్వాలి, తొందర కూడదు” అని మా ఇంట పెద్దలు చెప్పేవారు. మా తల్లిగారికి డెబ్బై రెండవ ఏట కుడికంట శుక్లం ఏర్పడినప్పుడు నేనూ ఆ మాటనే పట్టుకున్నాను. మూడేళ్లు త్రిఫల చూర్ణం ఇచ్చాను, కంట తేనె చుక్కలు వేశాను. శుక్లం కరగలేదు సరికదా, గోధుమరంగుకు తిరిగి గట్టిపడింది.

శస్త్రచికిత్స సక్రమంగానే జరిగింది. కట్టు విప్పిన తరువాత మాత్రం ఆమెకు అంతా పొగమంచులో ఉన్నట్లు తోచింది. నల్లగుడ్డుపై అద్దంవలె ఉండే పొర, అనగా కార్నియా, వాచిందన్నారు డాక్టరుగారు. లోపలి శుక్లాన్ని తీస్తే పైపొర వాచడమేమిటని అడిగాను.

కార్నియా లోపలి వైపున ఒకే వరుసలో కణాలు పరచుకొని ఉంటాయట. పొరలోనికి ఊరే నీటిని నిరంతరం తోడివేయడమే వాటి పని. పెద్దలలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2500 ఉంటాయి. చర్మంవలె ఇవి మళ్లీ పుట్టవు. కొన్ని నశిస్తే పక్కవే సాగి ఆ చోటును కప్పుతాయి. సంఖ్య 500 దరిదాపులకు దిగితే పొర శాశ్వతంగా మసకబారే ప్రమాదముంది. అల్ట్రాసౌండుతో శుక్లాన్ని పొడిచేసి పీల్చే పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెల్మన్ 1967లో ప్రవేశపెట్టారు. శుక్లం ఎంత గట్టిదైతే అంత ఎక్కువ శక్తి ప్రయోగించాలి. ఆ తాకిడికి, ముక్కల రాపిడికి ఈ కణాలు మరింతగా నశిస్తాయి. పండేదాకా ఆగమన్న సలహా శుక్లాన్ని ఒకే గడ్డగా తీసిన రోజులనాటిది.

త్రిఫల మీద నాకు గౌరవం తగ్గలేదు. మలబద్ధకానికి నేటికీ వాడుతున్నాను. కానీ సుశ్రుతుడు సైతం కఫజ లింగనాశానికి శలాకతో శస్త్రకర్మనే విధించాడు. ఆ సంగతి తెలిసీ నేను తేనెసీసా పట్టుకొని కూర్చున్నాను!

ఉదయం లేవగానే చూపు మసకగా ఉండి, పొద్దెక్కినకొద్దీ తేటపడుతున్నట్లయితే ఆపరేషనుకు ముందే డాక్టరుకు తప్పక చెప్పండి. కార్నియా కణాలు ముందే తగ్గి ఉండవచ్చు. వాటిని లెక్కించే పరీక్ష ఉంది, నొప్పి ఉండదు. ఆపరేషన్ తరువాత తేనె, ఉల్లిరసం, పన్నీరు ఏదీ కంట వేయరాదు. నొప్పి, ఎరుపు హెచ్చినా, చూపు తగ్గినా ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరుగారిచ్చిన చుక్కలతో మూడు వారాలకు అమ్మ కంటివాపు తీసింది. ఎడమకంట శుక్లం లేతగా ఉండగానే తీయించాము. ఆ కంటితో మరునాడే పంచాంగం చదువుకొన్నది.