ఉగ్రమూర్తి చెంత పసివాడు

కదిరి క్షేత్రంలో శ్రీ ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామిని దర్శించినవారు ఒక విశేషాన్ని మరచిపోలేరు. అక్కడ స్వామి ఒంటరిగా కొలువుదీరలేదు. ఆ ఉగ్రమూర్తి పక్కనే ప్రహ్లాదుడూ ఉన్నాడు. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో భాగమై, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ క్షేత్రంలో ఏటా ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. పిల్లాపాపలతో తరలివచ్చే తల్లిదండ్రులకు ఆ సన్నిధి బోధించే పాఠం ఒకటుంది. ఆగ్రహం ఎలా శాంతిస్తుందన్నదే ఆ పాఠం.

భాగవతం సప్తమ స్కంధంలోని ఘట్టాన్ని స్మరించండి. హిరణ్యకశిపుని సంహరించిన తరువాత కూడా స్వామి కోపం చల్లారలేదు. దేవతలు దూరాన నిలిచి స్తుతించారు. లక్ష్మీదేవి సైతం దరి చేరడానికి జంకింది. అప్పుడు బ్రహ్మదేవుడు ప్రహ్లాదుణ్ణి పంపాడు. ఆ బాలుడు మెల్లగా సమీపించి సాగిలపడ్డాడు. స్వామి అతణ్ణి లేవనెత్తి, శిరస్సుపై చేయి ఉంచాడు. దూరం నుంచి చేసిన స్తోత్రాలకు తగ్గని ఆగ్రహం, భయపడకుండా చెంతకు వచ్చిన ప్రేమకు తగ్గింది.

మీ ఇంట్లో మూడేళ్ల బిడ్డ నేలపై పడి దొర్లుతూ ఏడుస్తున్నప్పుడు మీరు దూరం నుంచి గద్దిస్తున్నారా, దగ్గరకు వెళ్తున్నారా? ఉద్వేగాన్ని అదుపు చేసే మెదడు భాగం ఇరవై ఏళ్లు దాటేవరకూ ఎదుగుతూనే ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతోంది. పసివారికి లేని నిగ్రహాన్ని పెద్దలు తమ శాంతం నుంచి కొంతకాలం అరువివ్వాలి.

ఈ మాట అనంత సీమకు మరింత అవసరం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే నేల ఇది. వేరుశనగ ఎండిన ఏడు ఎన్నో కుటుంబాలు బెంగళూరుకో, కేరళకో వలసపోతాయి. పిల్లలు అవ్వాతాతల వద్ద మిగిలిపోతారు. బిడ్డ ఏడుస్తాడని నిద్రలో ఉండగానే బయలుదేరే తల్లులున్నారు. 'అమ్మ సాయంత్రానికి వస్తుంది' అని సముదాయించే అవ్వలున్నారు. సాయంత్రమవుతుంది, అమ్మ రాదు. ఆ దిగులు చెప్పుకోవడానికి బిడ్డకు మాట తెలియదు. అందుకే కంచం తోసేస్తాడు, అంగన్‌వాడీలో తోటివాణ్ణి కొడతాడు. మనం వాడికి 'మొండివాడు' అని పేరు పెడతాం. వాడిలో ఉన్నది మొండితనం కాదు, బెంగ.

ఆ బెంగకు ముందుగా పేరు ఇవ్వండి. 'అమ్మ లేదని దిగులుగా ఉందా నాయనా?' అని అడగండి. కోపం, భయం, సిగ్గు, అసూయ అన్న మాటలను కథలు చెబుతూ పరిచయం చేయండి. పేరు తెలిసిన బాధను బిడ్డ నోటితో చెప్పగలడు. ప్రహ్లాదుడే చూడండి. స్వామి భీకర వదనానికి తాను భయపడడం లేదని, సంసార చక్రానికే భయపడుతున్నానని విన్నవించుకున్నాడు. తన భయం ఏదో, ఏది కాదో తెలిసిన బాలుడతడు.

అడగడం ఎంత ముఖ్యమో, వినడం అంతకన్నా ముఖ్యం. హిరణ్యకశిపుడూ కుమారుణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకునే అడిగాడు, ఏం నేర్చుకున్నావని. జవాబు రుచించక అదే ఒడి నుంచి నేలకు తోశాడు. ఇలా తోస్తే మన పిల్లలు మళ్లీ నోరు విప్పరు. 'నాకు నువ్వంటే కోపం' అని బిడ్డ అన్నప్పుడు 'తప్పు, అలా అనకూడదు' అనకండి. 'ఎందుకు వచ్చింది ఆ కోపం?' అని అడగండి.

అలాగని అన్నింటినీ సహించమని కాదు. కోపం రావడం దోషం కాదు, కొట్టడం దోషం. ఎత్తిన ఆ చిన్ని చేతిని మృదువుగా పట్టుకుని ఆపండి. ఏడుపు తగ్గిన తరువాతనే నీతి చెప్పండి, ఉద్వేగం ఉప్పొంగినప్పుడు మాట చెవికెక్కదు.

వలస వెళ్లక తప్పని తల్లిదండ్రులారా! బిడ్డ మేలుకుని ఉన్నప్పుడే చెప్పి వెళ్లండి. ఏడుస్తాడు, ఏడవనివ్వండి. వచ్చే పండుగను క్యాలెండర్‌లో చూపండి. చెప్పిన వేళకు తప్పక ఫోన్ చేయండి. ఇచ్చిన మాట నిలిస్తే బిడ్డ మనసు నిలుస్తుంది.

ఇళ్లలో సంధ్యాదీపం వెలిగించే వేళ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. కళ్లు మూసుకుని అయిదుసార్లు నెమ్మదిగా శ్వాస తీసి విడవమనండి. ఆ రోజు సంతోషపెట్టినదీ, బాధపెట్టినదీ దేవుడికి చెప్పుకోమనండి. మీరూ వాళ్లతో పాటే చెప్పండి. పెద్దలకూ దిగులు కలుగుతుందని, దాన్ని మాటల్లో చెప్పుకోవచ్చని పిల్లలు గ్రహించేది అప్పుడే.