బయటి స్క్రిప్టు విఫలమైతే పని ఆగాల్సిందే

మనుషుల ప్రమేయం లేకుండా రాత్రివేళ కంప్యూటర్లు తమంతట తాము పూర్తిచేసే పనులు నేడు అనేక కార్యాలయాల్లో ఉన్నాయి. విద్యుత్తు బిల్లుల లెక్కింపు, విద్యార్థుల మార్కుల క్రోడీకరణ, బ్యాంకు ఖాతాలకు వడ్డీ జమ వంటివన్నీ ఈ కోవలోనివే. ఇటువంటి పనుల్లో ప్రధాన ప్రోగ్రామ్ మధ్యమధ్యలో వేరొక చిన్న ప్రోగ్రామ్‌ను పిలిచి కొంత పని అప్పగిస్తుంది. దానినే బయటి స్క్రిప్టు అంటారు. అది విఫలమైనప్పుడు ప్రధాన పని అక్కడితో ఆగిపోవాలి. కానీ చాలా సందర్భాల్లో ఆగదు. చిక్కంతా ఇక్కడే వస్తోంది.

సగం జాబితాతో సరి

ఒక కళాశాలలో మార్కుల నమోదు మూడు దశల్లో జరుగుతుందనుకుందాం. మొదటి దశలో మార్కుల ఫైలు అందుతుంది. రెండో దశలో బయటి స్క్రిప్టు ఆ ఫైలును సరిచేస్తుంది. మూడో దశలో పాత పట్టికను తొలగించి కొత్తది ఎక్కిస్తారు. డిస్కులో ఖాళీ లేక స్క్రిప్టు సగంలోనే ఆగిపోయిందనుకోండి. ఆ సంగతి పట్టించుకోకుండా మూడో దశ మొదలైతే పాత పట్టిక పోతుంది, సగం జాబితా మాత్రమే ఎక్కుతుంది. తెల్లవారేసరికి మిగిలిన సగం మంది విద్యార్థుల పేర్లే కనిపించవు. పని ఆగి ఉంటే జరిగే నష్టం ఒక పూట ఆలస్యమే. ఆగకపోవడం వల్ల ఉన్న సమాచారమూ పోయింది.

ఇక్కడ సున్నా అంటే ఉత్తీర్ణత

పరీక్షలో సున్నా వస్తే తప్పినట్లు. కంప్యూటర్ల తీరు ఇందుకు భిన్నం. యూనిక్స్, లైనక్స్‌లలో ప్రతి ప్రోగ్రామ్ ముగిసే ముందు 0 నుంచి 255 లోపు ఒక సంఖ్యను వదిలి వెళుతుంది. దీనిని ఎగ్జిట్ కోడ్ అంటారు. సున్నా అయితే పని సఫలం, మరే అంకె అయినా విఫలం. పిలిచిన ఆదేశమే దొరకకపోతే షెల్ 127 అని తెలుపుతుంది. ఈ సంఖ్యను వెంటనే చదవాలి. మధ్యలో మరో ఆదేశం నడిస్తే దాని సంఖ్య వచ్చి పాతదాన్ని చెరిపివేస్తుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

* షెల్ స్క్రిప్టు ఆరంభంలో 'సెట్ -ఈ' అని రాస్తే ఏదైనా ఆదేశం విఫలమైనప్పుడు స్క్రిప్టు ఆగిపోతుంది. అయితే 'ఇఫ్' షరతులో ఉన్న ఆదేశాలకు ఇది వర్తించదు.

* ఆదేశాలను పైపుతో గొలుసుగా కలిపితే సాధారణంగా చివరి ఆదేశం ఫలితమే లెక్కకు వస్తుంది. మొదటిది విఫలమైనా బయటపడదు. బ్యాష్‌లో 'పైప్‌ఫెయిల్' అమర్చుకుంటే ఈ లోపం తొలగుతుంది.

* పైథాన్‌లో 'సబ్‌ప్రాసెస్.రన్' వాడేవారు 'చెక్=ట్రూ' అని చేర్చాలి. లేకుంటే స్క్రిప్టు విఫలమైనా ప్రోగ్రామ్ ముందుకు సాగిపోతుంది.

* కొన్ని స్క్రిప్టులు విఫలం కాకుండానే గంటల తరబడి బిగుసుకుపోతాయి. 'టైమ్‌అవుట్' ఆదేశంతో గడువు విధించాలి. గడువు దాటితే అది 124 సంఖ్యను ఇస్తుంది.

* ఫలితాన్ని తొలుత తాత్కాలిక ఫైలులో రాయించాలి. సున్నా వచ్చిన తరువాతే దానికి అసలు పేరు పెట్టాలి.

ఆగినా వినిపించకపోతే...

పని ఆగితే సరిపోదు, ఆగిన సంగతి బాధ్యులకు చేరాలి. ప్రోగ్రామ్‌లను భద్రపరచే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న జరిగిన ఘటనే ఇందుకు నిదర్శనం. మరమ్మతు చేస్తున్న ఉద్యోగి ఒకరు పొరపాటున ప్రధాన డేటాబేస్ సమాచారాన్ని తొలగించారు. రోజువారీ నకళ్ల కోసం వెతికితే అవి లేవు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 కాగా, నకలు తీసే సాధనం 9.2 నాటిది. పొంతన కుదరక అది ప్రతిసారీ దోషం చూపి ఆగిపోతూ వచ్చింది. ఆ సంగతి తెలిపే ఈ-మెయిళ్లను సరైన ధ్రువీకరణ లేదన్న కారణంతో మెయిల్ సర్వర్ తిరస్కరించింది. దాంతో ఎవరికీ తెలియలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన నకలు ఆదుకుంది. అయినా ఆ ఆరు గంటల సమాచారం దక్కలేదు. సుమారు 5 వేల ప్రాజెక్టులు, 5 వేల వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలపై ప్రభావం పడిందని సంస్థే వెల్లడించింది.

అందువల్ల విఫలమైనప్పుడు కబురు పంపడంతో పాటు, సఫలమైన రోజూ కబురు వచ్చేలా చూసుకోవడం మేలు. రావలసిన కబురు రాలేదంటే అదే హెచ్చరిక. కొత్తగా స్క్రిప్టు రాసినవారు దానిని ఒకసారి కావాలనే విఫలం చేసి చూడాలి. పని ఆగిందా, కబురు అందిందా అన్నది ఆ ఒక్క పరీక్షతోనే తేలిపోతుంది.