నావ కిటికీ: కదలికకు కొంత చోటు

సాల్ట్ లేక్‌లో నివసించే మనలో చాలామందికి ఇది ఒకప్పుడు నావలు తిరిగిన ప్రాంతమన్న సంగతి గుర్తుకు రాదు. కలకత్తాకు తూర్పున ఉన్న ఉప్పునీటి చిత్తడి భూములను హుగ్లీ నది నుండి తోడిన ఒండ్రుతో పూడ్చి ఈ నగరాన్ని నిర్మించారు. డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1962లో ఈ బృహత్కార్యం ఆరంభమైంది. బిధాన్‌నగర్ అన్న పేరు ఆయన స్మృతిచిహ్నమే. అంతకు పూర్వం తూర్పు బెంగాల్ నుండి సరుకులతో వచ్చే పడవలు ఈ దిక్కునున్న కాలువల మీదుగానే కలకత్తా చేరేవి.

నావలు పోయినా గాలివానలు మాత్రం పోలేదు. ఏటా వేసవిలో కాలబైశాఖి విరుచుకుపడినప్పుడు మన క్వార్టర్లలో కిటికీ అంచుల వెంట నీరు గోడ మీదికి కారడం గృహిణులందరికీ అనుభవమే. 2020 మే 20న వచ్చిన ఆంఫన్ తుపానులో దమ్‌దమ్ వద్ద గాలి వేగం గంటకు 130 కిలోమీటర్లు దాటింది. ఇంటి కిటికీ కారితే గుడ్డతో తుడుచుకొంటాము. నడిసముద్రంలో ఉన్న చిన్న నావ కిటికీ కారితే, లేదా ఊడిపోతే, ఏమవుతుంది? పాత తెరచాప నావ క్యాబిన్ కిటికీలను మార్చే పద్ధతిని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము. నావ లేనివారికి ఇదంతా ఎందుకన్న సందేహం సహజమే. కాని ఇందులోని సూత్రం ఇంటి కిటికీకీ, కర్మాగారంలోని క్రేను క్యాబిన్ అద్దానికీ సమానంగా వర్తిస్తుంది.

ప్రమాదం ఎంతటిది?

చిన్న లెక్క వేసి చూద్దాము. సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చి తాకే నీరు చదరపు మీటరుకు సుమారు 5 టన్నుల ఒత్తిడి కలిగిస్తుంది. క్యాబిన్ కిటికీ 60 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నదనుకొంటే, దానిపై పడే భారం 600 కిలోలు. పెద్ద కెరటం నావను ఎత్తి పక్కవాటుగా పడవేసినప్పుడు, కెరటం వచ్చిన వైపుకన్నా నావ నీటి మీద పడిన వైపు కిటికీలకే ఎక్కువ దెబ్బ తగలడం నావికులకు తెలిసిన విషయము.

1998 డిసెంబరులో ఆస్ట్రేలియాలో జరిగిన సిడ్నీ–హోబర్ట్ నౌకాపందెం తుపానులో చిక్కుకొని ఆరుగురు మరణించారు. అందులో పాల్గొన్న ‘విన్‌స్టన్ చర్చిల్’ 1942లో నిర్మించిన కొయ్య నావ. కెరటం తాకిడికి దాని కిటికీలు పగిలి నీరు చొరబడింది, పలకలు విడిపోయాయి. నావ మునిగిపోగా అందులోని ముగ్గురు తిరిగి రాలేదు.

అంతమాత్రాన పాత నావలు పనికిరావని భావించరాదు. మన సైన్యపు ఇంజనీర్ల దళం వారు అప్పటికే వాడిన 37 అడుగుల నావను కొని, బాగుచేసుకొని, ‘తృష్ణ’ అని పేరిడి, 1985 సెప్టెంబరులో ఇంగ్లండు నుండి బయలుదేరి 1987 జనవరి 10న ముంబయి చేరుకొన్నారు. భారతీయులు తెరచాప నావలో భూప్రదక్షిణ చేయడం అదే ప్రథమము. దళనాయకుడు కల్నల్ కె.ఎస్. రావు. అటుపిమ్మట 2017 సెప్టెంబరు నుండి 2018 మే వరకు ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ‘తారిణి’ నావలో భూమిని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉండడం తెలుగువారికి గర్వకారణము. ఇట్టి ప్రయాణాలలో నావికుల ప్రాణాలు తెరచాపల మీద ఎంత ఆధారపడతాయో, నీటిని బయటనే నిలిపే చిన్న చిన్న అతుకుల మీదా అంతే ఆధారపడతాయి.

కిటికీ ఎందుకు కారుతుంది?

నావ కిటికీలకు సాధారణంగా గాజు కాక అక్రిలిక్ పలక వాడతారు. ఇది 1930ల దశకంలో పర్‌స్పెక్స్, ప్లెక్సిగ్లాస్ అన్న పేర్లతో బజారులోకి వచ్చింది. గాజు బరువులో సగం కూడా ఉండదు. అయితే ఏండ్ల తరబడి ఎండకు గురైతే దీనిలో సాలెగూడు వంటి సన్నని పగుళ్లు ఏర్పడతాయి. అవి కనిపించిన పలకను మార్చవలసిందే.

పలక బాగున్నప్పటికీ కిటికీ కారడానికి ముఖ్యకారణం వ్యాకోచము. ఒక మీటరు పొడవు గల అక్రిలిక్ పలక 30 డిగ్రీల ఉష్ణోగ్రత పెరిగితే సుమారు 2.1 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవు గల అల్యూమినియం చట్రం 0.7 మిల్లీమీటరు మాత్రమే సాగుతుంది. గాజు సాగేది 0.3 మిల్లీమీటరు లోపే. అంటే పలకకూ చట్రానికీ మధ్య 1.4 మిల్లీమీటర్ల తేడా, రెండు చివరలకు పంచితే చెరి 0.7 మిల్లీమీటరు. పగలు ఎండకు సాగి, రాత్రి చల్లబడి ముడుచుకొనే ఈ కదలిక ప్రతిదినం జరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు సీలెంటు సంగతి చూద్దాము. దాని మందం 3 మిల్లీమీటర్లు ఉంటే 0.7 మిల్లీమీటరు కదలికను రబ్బరువలె సులభంగా తట్టుకొంటుంది. బోల్టులు గట్టిగా బిగించి దానిని 0.3 మిల్లీమీటరుకు నొక్కివేస్తే, తన మందానికి రెండింతలకు పైగా పక్కకు సాగవలసి వస్తుంది. కొద్దికాలంలోనే చిరుగుతుంది. ‘కారుతున్నది కనుక ఇంకా బిగించు’ అన్న సామాన్యుల ఆలోచన ఈ విధంగా వ్యాధిని పెంచే వైద్యమవుతుంది.

మూలల విషయంలో జాగ్రత్త

1954లో రెండు కామెట్ జెట్ విమానాలు మధ్యధరా ప్రాంతంలో ఆకాశంలోనే విచ్ఛిన్నమయ్యాయి. విమాన శరీరాన్ని నీటితొట్టెలో ఉంచి మాటిమాటికీ ఒత్తిడి పెంచి తగ్గించి పరీక్షించగా, కిటికీ వంటి రంధ్రాల మూలల వద్ద లోహం అలసి చీలిపోతున్నదని తేలింది. (అంతకు ముందు, 1953 మే 2న, మన దమ్‌దమ్ నుండి బయలుదేరిన మరొక కామెట్ గాలివానలో కూలి 43 మంది మరణించారు. దాని కారణం వేరు.) ఏ పలకలోనైనా పదునైన మూల ఉంటే ఒత్తిడి అక్కడ కేంద్రీకృతమవుతుంది. కనుక నావ కిటికీకి గోసిన రంధ్రానికీ, పలకకూ మూలలు గుండ్రంగా ఉండవలెను.

మార్చే విధానము

ముందుగా పాత పలకను సన్నని కత్తితో సీలెంటు కోసి మెల్లగా విడదీయాలి. అది పగలకుండా వస్తే కొత్తదానికి నమూనాగా ఉపయోగపడుతుంది. అయినా అట్టముక్కను రంధ్రానికి ఆనించి గీసిన నమూనాతో సరిపోల్చుకొనడం మంచిది, పాత పలకే కొలత తప్పి ఉండవచ్చును.

తరువాత రంధ్రం అంచును పరీక్షించాలి. ఫైబర్ గ్లాసు పొరల మధ్య కొయ్య ఉన్న నావలలో, ఏండ్లపాటు కారిన నీరు కొయ్యను కుళ్లబెడుతుంది. మెత్తబడిన భాగాన్ని తొలగించి, ఆరనిచ్చి, ఎపాక్సీతో నింపిన పిమ్మటనే కొత్త కిటికీ అమర్చవలెను. ఈ పని వదలి పైపైన సీలెంటు రాస్తే వ్యయమే మిగులుతుంది.

సముద్రయానం చేసే నావలకు 10, 12 మిల్లీమీటర్ల పలకలు వాడుకలో ఉన్నాయి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు పలకలో 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. అప్పుడు అన్ని వైపులా 1 మిల్లీమీటరు చోటు మిగులుతుంది, మనకు కావలసినది 0.7 మాత్రమే. తల ఏటవాలుగా ఉండే మరలను అక్రిలిక్‌లో వాడరాదు. అవి మేకువలె పలకను చీలుస్తాయి.

పలక వెనుక 3 మిల్లీమీటర్ల మందం గల నురుగు టేపు అతికించి, మిగిలిన చోట సీలెంటు నింపాలి. పాలీసల్ఫైడ్ సీలెంటు ఈ ప్లాస్టిక్‌కు హాని చేస్తుంది, అక్రిలిక్‌కు అనువైన సిలికోనును ఎంచుకోవాలి. బోల్టులను చేతివేళ్లతో బిగించినంత మాత్రమే బిగించి, సీలెంటు గట్టిపడేవరకు రోజుల తరబడి కదపకుండా ఉంచాలి. అసిటోన్, స్పిరిట్, అమ్మోనియా కలిసిన అద్దాల ద్రవాలు అక్రిలిక్‌ను పగులగొడతాయి కనుక సబ్బునీటితోనే శుభ్రపరచవలెను.

చివరగా పరీక్ష. నీటి గొట్టంతో మొదట కింది అంచును, పిదప పక్కలను, ఆ తరువాతనే పై అంచును తడపాలి. ముందే పైనుండి పోస్తే నీరు ఎక్కడ చొరబడినదీ తెలియదు. దూరప్రయాణానికి పోయే నావలో, కిటికీ పగిలితే వెంటనే బిగించడానికి కొలతకు కోసిన ప్లైవుడ్ పలకలను, బోల్టులతో సహా సిద్ధంగా ఉంచుకొనవలెను.

ఈ సంవత్సరం కాలబైశాఖి రాకముందే మన ఇండ్లలోని కిటికీలను కూడ ఇదే దృష్టితో ఒకసారి పరిశీలించండి. జరిగే కిటికీల కింది చట్రంలో నీరు పోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలు దుమ్ముతో పూడిపోయాయేమో చూడండి. చట్రానికీ గోడకూ మధ్య సిమెంటు గట్టిగా కూరి ఉంటే, అది బీటవారిన చోట సాగే సీలెంటు నింపించండి. పిల్లలకు కూడ చూపించి, ఆ కొద్దిపాటి చోటును వ్యాకోచం కోసమే వదులుతారని చెప్పండి. వారి పాఠ్యపుస్తకంలో రైలుపట్టాల గురించి చదివిన సూత్రమే అది.